అడవి ఫైల్లో పదకొండోది

సెప్టెంబర్ 9, సోమవారం

ఈరోజు నా టేబుల్ మీదికి చచ్చిపోయిన మనిషి పేపరు వచ్చింది.

లియుదాస్ నర్బూతాస్, గణితం ప్రొఫెసర్. ఏప్రిల్లో పోయాడు. ఆయన పెన్‌డ్రైవ్‌లో సగం సర్దిన పేపరొకటి దొరికితే, డిపార్ట్‌మెంట్ వాళ్లు దాన్ని ఆయన స్మారక సంచికకు పంపించారు. లెక్కంతా సరిగ్గానే ఉంది, రిఫరెన్సులు మాత్రం అచ్చుకు ముందు పూర్తిచేసుకోండి అని పేపరు సరిచూసిన రిఫరీ రాశాడట. ఎవరు పూర్తిచేయాలి? డిపార్ట్‌మెంట్ వాళ్లు పత్రిక వైపు వేలు చూపించారు. పత్రిక వాళ్లు మా ఆఫీసు వైపు. మా బాస్ రెమిగియుస్ నా వైపు. నా పక్కన కిటికీ తప్ప ఎవరూ లేరు.

విల్నియస్‌లో ఈ కుర్చీలో కూర్చుని ఇరవై ఏడేళ్లుగా ఎక్కడెక్కడివో లెక్కల పేపర్లు పేజీలకెక్కిస్తున్నాను. ఒక్క సిద్ధాంతం అర్థమైన పాపాన పోలేదు. అర్థం కానక్కర్లేదు కూడా. నేను చదవను, చూస్తాను, అంతే. ఇంకొకరి పేపరును చూపించే ప్రతిచోటా బ్రాకెట్లో అంకె ఉండాలి, ప్రశ్నార్థకం ఉండకూడదు. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా ఒక్క [?] కూడా అచ్చులోకి పోలేదు. ఈ విషయంలో నాకు పొగరే. దాచుకోను.

ఈ పేపర్లో ముప్పై నాలుగు సైటేషన్లు. అందులో పదకొండు ప్రశ్నార్థకాలు.

సెప్టెంబర్ 10, మంగళవారం

ఉదయం 8:40. మళ్లీ కంపైల్ చేశాను, అంటే ఫైలును మెషీన్‌చేత పేజీలుగా కట్టించాను. పదకొండు.

9:15. పాత లాగ్ ఫైళ్లన్నీ తుడిచి, మొదట్నుంచీ వరసగా మూడుసార్లు నడిపాను. పదకొండు.

10:05. కామాలు, స్పేసులు, పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్నీ చూశాను. సాధారణంగా దొంగ అక్కడే దాక్కుంటాడు. ఈసారి లేడు. పదకొండు.

11:30. దొరికింది. అంటే, ఎందుకు దొరకడం లేదో దొరికింది.

కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటిరోజు చెప్పే పాఠం ఇది. వ్యాసంలో ఇంకొకరి పేపరును ప్రస్తావించాల్సి వస్తే రచయిత దానికో ముద్దుపేరు పెట్టుకుంటాడు. ఆ ముద్దుపేరు వెనక ఎవరున్నారో, ఏ సంవత్సరం, ఏ పత్రికో వేరే జాబితా ఫైల్లో రాసుకుంటాడు. మెషీన్ రెండూ కలిపి చూసి అంకె వేస్తుంది. జాబితాలో ఆ ముద్దుపేరు లేకపోతే ప్రశ్నార్థకం పెట్టి చేతులు దులుపుకుంటుంది.

ఈయన రెండు జాబితాలు పెట్టుకున్నాడు. పేపరు చివరి లైన్లో వాటి పేర్లున్నాయి: ఇల్లు, అడవి. ఇల్లు అనే ఫైలు మాకు వచ్చింది. ఇరవై మూడు మందీ బుద్ధిగా అందులో ఉన్నారు. అడవి రాలేదు. డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేస్తే, ఆయన కంప్యూటర్ని జూన్‌లోనే శుభ్రం చేసి ఇంకొకరికి ఇచ్చేశామండీ అన్నారు. అలా చెప్పడానికి సిగ్గయినా పడలేదు.

సెప్టెంబర్ 11, బుధవారం

మా సిస్టమ్ దానంతటదే రచయితకు మెయిల్ పంపింది. గౌరవనీయులైన ప్రొఫెసర్ నర్బూతాస్, పదకొండు రిఫరెన్సుల వివరాల కోసం ఎదురుచూస్తున్నాం అని. శుక్రవారం రిమైండర్ కూడా పోతుంది.

సెప్టెంబర్ 12, గురువారం

నా బుర్రకు తుప్పు పట్టింది. మూడు రోజులు ఆ ముద్దుపేర్ల చుట్టూ ఉన్న బ్రాకెట్లు చూశానే తప్ప పేర్లు చూడలేదు. ఈరోజు కాఫీ తాగుతూ పైకి చదివాను. చిట్టి ఉడత. ఎర్రతల. ముసలి గొడుగు. పచ్చబుర్ర. దుంగపిల్ల.

అన్నీ పుట్టగొడుగులు! ఈ దేశంలో పుట్టినవాడికెవడికైనా నిద్రలో లేపి అడిగినా తెలిసే పేర్లు.

ఆయన భార్య గెనోవైతె గారు వరేనాలో ఉంటారని డిపార్ట్‌మెంట్ వాళ్లు నంబరిచ్చారు. డెబ్భై నాలుగేళ్లు, బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యారట. ఫోన్ చేశాను. పరామర్శ మాటలు నాలుగు చెప్పి, మీవారు పుట్టగొడుగుల గురించి ఎక్కడైనా రాసి పెట్టుకున్నారా అండీ అని అడిగాను.

అంతే. ఆవిడ మొదలుపెట్టింది. ఓహో, అలా వచ్చావా తల్లీ! ఆయన పోయి ఆరు నెలలు కాలేదు, అప్పుడే ఆయన చోట్ల మీద పడ్డారూ! పోయిన నెల మీటరు చూడాలని ఒకడొచ్చి, మాటల్లో పెట్టి ఎర్రతలలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు. ఇప్పుడు నువ్వు పేపరు, అచ్చు అని వేషం కట్టుకొచ్చావ్. యాభై రెండేళ్లు కాపురం చేస్తే నాకే సగం చోట్లు చెప్పలేదమ్మా ఆ మనిషి, నీకు చెప్తానా! అంది. ఫోన్ పెట్టేసింది.

ఆవిడ తప్పేం లేదు. ఇక్కడ పుట్టగొడుగులు దొరికే చోటంటే ఇంటి రహస్యం, సొంతవాళ్లకే చెప్పరు. నన్నెవరైనా అలా అడిగితే నేను ఇంకా పచ్చిగా తిట్టేదాన్ని.

సెప్టెంబర్ 13, శుక్రవారం

రెమిగియుస్ నా టేబుల్ దగ్గరికొచ్చి నీళ్లు నమిలాడు. రూలు నాకూ తెలుసు, అతనికీ తెలుసు. దొరకని రిఫరెన్సు ఉంటే, అది ఉన్న వాక్యంతో సహా కొట్టేయాలి. సంచిక ఇరవై ఏడున ప్రెస్‌కు పోవాలి. స్కిర్మంతే గారూ, మీరు ప్రతిదీ మీ ఇంటి గొడవ చేసుకుంటారు, కొట్టేస్తే అడిగేవాళ్లెవరండీ, రాసినాయనే లేడు కదా అన్నాడు.

అందుకే కొట్టను అన్నాను.

సెప్టెంబర్ 14, శనివారం

ఇంట్లోనే ఉన్నాను. కొట్టేయాల్సి వస్తే ఏమేం పోతాయో చూద్దామని పేపరు ముందేసుకున్నాను. చదవకూడదన్న నా నియమం ఈరోజు తప్పాను.

పది వాక్యాలు మామూలువే. ఈ పద్ధతి ఫలానా చోటిది, ఈ అంచనా ఫలానా వారిది. అవి పోయినా పేపరు బతుకుతుంది.

పదకొండోది దుంగపిల్ల. పన్నెండో పేజీ అడుగున ఉంది. లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతానికి మెట్టుగా వాడే చిన్న సిద్ధాంతం, అంతవరకే నాకు తెలుసు. ఇక్కడ రాసుకుంటాను:

ఈ లెమ్మా నాది కాదు. 1973లో నా మొదటి పేపర్లో దీన్ని నాదిగా వాడుకున్నాను, నా ఉద్యోగం దీని మీదే నిలబడింది. దీన్ని నిరూపించినది [?]. ఇది ఎప్పుడో రాయవలసింది.

రాసిన ఆ మనిషి పోయాడు. ఎవరి గురించి రాశాడో వాళ్ల చోట ప్రశ్నార్థకం ఉంది. రూలు ప్రకారం నేను ఈ నాలుగు లైన్లూ కొట్టేయాలి.

కొట్టను గాక కొట్టను.

సెప్టెంబర్ 15, ఆదివారం

ఎవరీ దుంగపిల్ల?

సెప్టెంబర్ 16, సోమవారం

మళ్లీ వరేనాకు ఫోన్. నా గొంతు వినగానే పెట్టేయబోయింది. ఒక్క నిమిషమండీ, నేను అడగడానికి చేయలేదు, ఇవ్వడానికి చేశాను అన్నాను.

ఏం ఇస్తావ్ అంది.

నా చోటు చెప్పేశాను.

మా అమ్మమ్మ నాకిచ్చిన చిట్టి ఉడతల చోటు. మా అన్నయ్యకు చెప్పలేదు. నా మొగుడికి, ఉన్నన్నాళ్లూ, చెప్పలేదు. మొలేతై దాటాక రెండో చెరువు, కూలిన కట్టెల వంతెన, అక్కడ్నుంచి ఎడమకి నూట ఇరవై అడుగులు, పక్కకొరిగిన మూడు బిర్చిచెట్ల వెనక పల్లం. జూలై రెండో వానకి అక్కడ నేలంతా పసుపే. ఇప్పుడిక ఒకరికి తెలిసిపోయింది కాబట్టి ఈ పుస్తకంలో రాసినా ఒకటే. పిచ్చిదాన్లా అనిపించింది.

ఆవిడ దారి మొత్తం నాతో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత, నిజమేనా అంది. వెళ్లి చూసుకోండి, అబద్ధమైతే నా పేరు మార్చుకుంటా అన్నాను. వేరే గొంతుతో అడిగింది: ఎందుకమ్మాయ్ ఇంత? ఎవరో ముసలాయన పేపరు కోసం?

అప్పుడు విషయం చెప్పాను. పుట్టగొడుగుల పేర్ల వెనక మనుషులున్నారండీ, నాకు మనుషులు కావాలి, చోట్లు వద్దు అని.

నవ్వింది. మొదటిసారి. బుధవారం ఉదయం బండికి రా, నోట్‌బుక్ చూపిస్తా, కాని దాని మీద చేయి వేస్తే ఊరుకోను అంది.

సెప్టెంబర్ 18, బుధవారం

పది దొరికాయి! పది! పది!!

వరసగా రాస్తాను. చక్కటి చిన్న ఇల్లు. పొయ్యి మీద దారాలకు గుచ్చి ఆరేసిన పుట్టగొడుగులు, ఇంటినిండా అదే వాసన. గెనోవైతె గారు మనిషి సన్నం, మాట కటువు. రాగానే రొట్టె, జున్ను, తేనె నా ముందు పెట్టి, ముందు తిను, ఆకలితో ఉన్నవాళ్లకి చూపు దొంగతనం మీదికే పోతుంది అంది.

నోట్‌బుక్ తెచ్చింది. ప్రతి పేజీలో చోటు రాసి ఉన్న లైన్ల మీద పాత న్యూస్‌పేపర్ ముక్కలు పరిచి, బట్టల క్లిప్పులు పెట్టింది. రాత్రంతా కూర్చుని పెట్టిందట. చోటు కనపడకూడదు, మనిషి కనపడాలి.

ప్రొఫెసర్ గారి అలవాటు ఇదీ. ఎక్కడినుంచి ఏ గణితం ఆయన వచ్చినా ముందు సెమినార్ కాదు, అడవి. అక్కడ ఆ అతిథికి మొట్టమొదట ఏ పుట్టగొడుగు దొరికితే అదే ఇక జీవితాంతం అతని పేరు. బుడాపెస్ట్ నుంచి వచ్చిన బాలోగ్ 1983లో ముసలి గొడుగు. త్బిలిసీ ఆయన ఎర్రతల. రీగా ఆవిడ పచ్చబుర్ర. ఉప్సాలా నుంచి వచ్చిన పొడుగాయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరిగి ఒక్కటే కనిపెట్టాడు, అది కూడా విషంది. పాపం, ఆయన పేరు అదే అయిపోయింది. ఆయనే ముప్పై ఏళ్లు ఉత్తరాల కింద ఆ పేరుతోనే సంతకం పెట్టాడు అని చెప్పి గెనోవైతె గారు కళ్లు తుడుచుకుంది. నవ్వుతోనే అనుకుంటా.

నేను ముద్దుపేరు చదువుతాను, ఆవిడ పేజీ తిప్పుతుంది, పేరూ సంవత్సరమూ చెబుతుంది. ఇద్దరికీ ఊపొచ్చేసింది. ఎనిమిదో దాని దగ్గర ఆవిడ బల్ల మీద చేత్తో కొట్టింది.

దుంగపిల్ల అన్నాను.

పేజీలు వెనక్కి తిప్పింది. మొదటి పేజీ దాకా వచ్చింది. ఆ మొదటి పేజీకి అడ్డంగా న్యూస్‌పేపర్ కట్టి ఉంది, ఒకటి రెండు లైన్లకు కాదు, పేజీ మొత్తానికీ. నోట్‌బుక్ మూసేసింది.

అదిందులో లేదమ్మాయ్. రాసినాయనకే గుర్తుండి ఉండదు. కొట్టేయ్.

అది మాత్రం కొట్టకూడదండీ, ఆ వాక్యం ఏంటంటే అని నేను మొదలుపెట్టేలోపే, బండికి టైమైంది, తర్వాతది సాయంత్రం దాకా లేదు, పరిగెత్తు అని సంచీ చేతిలో పెట్టింది. సంచీలో ఒక దండ ఎండు పుట్టగొడుగులు. పది దొరికిన సంతోషంలో స్టేషన్ దాకా నిజంగానే పరిగెత్తాను, యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లతో.

సెప్టెంబర్ 19, గురువారం

పది మందినీ ఎక్కించాను. ఏ పేపరు, ఏ సంవత్సరం, ఏ పేజీలు, అన్నీ సరిచూశాను. కంపైల్. ఒక్క వార్నింగ్ మిగిలింది. ఒక్కటే. రెమిగియుస్ వచ్చి చూసి, పది దొరికితే పండగ చేసుకోక ఆ ముఖమేంటండీ అన్నాడు. పది కోసం కాదు నాయనా నేను అమ్మమ్మ చోటు అమ్ముకుంది అన్నాను. అతనికి ఏమీ అర్థం కాలేదు.

సెప్టెంబర్ 20, శుక్రవారం

లైబ్రరీ. ఆ లెమ్మా 1973 కంటే ముందే ఎక్కడో ఉండాలి కదా. రోటాప్రింట్ అనే చిన్న అచ్చుయంత్రం మీద తీసిన పాత విద్యార్థి సంచికలన్నీ తెప్పించుకున్నాను. బూడిదరంగు కాగితం, సూత్రాలు పెన్నుతో చేత్తో రాసినవి.

నాకు లెక్కలు రావు. కాని ఆకారం గుర్తుపడతాను. పన్నెండో పేజీలో ఆ సూత్రం మూడంతస్తుల భిన్నం, రెండో అంతస్తులో వర్గమూలం, దాని నెత్తిన చిన్న నక్షత్రం. అలాంటి మేడ ఊళ్లో రెండు ఉండవు. ఎనిమిది సంచికలు తిరగేశాను. తొమ్మిదోది 1971. నలభై ఒకటో పేజీ. అదే మేడ! అవే అంతస్తులు! నక్షత్రంతో సహా!

అరిచాను. లైబ్రేరియన్ వేలు పెదాల మీద పెట్టింది. పెట్టుకోనీ.

జి. అంబ్రజైతె, మూడో సంవత్సరం.

తోకను బట్టి పెళ్లికాని అమ్మాయి పేరు. మూడో సంవత్సరం అంటే ఇరవై ఒకటో ఇరవై రెండో. తర్వాతి సంచికల్లో ఎక్కడా లేదు. ఆ పేరుతో ఇంకొక్క పేపరు లేదు, ఇన్నేళ్లలో.

మధ్యాహ్నం వరేనాకు ఫోన్ చేసి అడిగాను, అంబ్రజైతె అనే అమ్మాయి మీకు తెలుసా అని. ఆ అమ్మాయి ఇప్పుడు లేదమ్మా అంది. కొట్టేయమన్నాగా, నీకెందుకింత పట్టుదల?

ఎప్పుడు పోయిందండీ అని అడిగే ధైర్యం చాల్లేదు.

సెప్టెంబర్ 21, శనివారం

ట్రాలీబస్‌లో, మార్కెట్ స్టాపు దగ్గర, చేతిలో క్యాబేజీతో ఉండగా తట్టింది.

లేదు అంది. చచ్చిపోయింది అనలేదు.

ఇక్కడ పెళ్లయితే ఆడదాని ఇంటిపేరు తోక మారిపోతుంది. కూతురికొక తోక, భార్యకొక తోక. ఈ పని వల్ల ఇది నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, ఒకే మనిషిని రెండు పేర్ల కింద వెతకడం నాకు రోజువారీ తిండి. జి అంటే గెనోవైతె. బడిలో పంతులమ్మ. ఏం పాఠం చెప్పేదో ఒక్కసారైనా అడిగానా?

పేజీ మొత్తానికి న్యూస్‌పేపర్ ఎందుకు కట్టిందో, సాక్షాత్తూ దుంగపిల్లే నా ఎదురుగా కూర్చుని నాకు రొట్టె కోసి పెట్టిందని, ఇప్పుడు తెలుస్తోంది. క్యాబేజీ సీటు కింద వదిలేసి దిగిపోయాను.

సెప్టెంబర్ 22, ఆదివారం

ఉదయం 9:30. చేశాను.

మీరే కదండీ అంబ్రజైతె అన్నాను, నమస్కారం కూడా లేకుండా.

ఒకప్పుడు అంది.

కోపం వచ్చింది ఆవిడకు, నా మీద కాదు. ధారగా మాట్లాడింది. ఆ లెమ్మా మూడో సంవత్సరంలో హాస్టల్ వంటగదిలో రాసింది. మరుసటి ఏడు పెళ్లి. ఆ మరుసటి ఏడు ఆయన పేపరు వచ్చింది, లోపల ఆవిడ లెమ్మా ఉంది, ఆవిడ పేరు లేదు. అడిగితే, మనలో మనకేంటి గెనూతె అని ముద్దుగా అన్నాడట. అప్పటికి ఒళ్లో పిల్ల. అడగడం మానేసింది. ముప్పై ఆరేళ్లు బడిలో భిన్నాలు చెప్పింది. ఇప్పుడు పోయేముందు ఎక్కడో ఒక మూల పుట్టగొడుగు పేరు పెట్టి థాంక్స్ చెప్పుంటాడు. నాకక్కర్లేదమ్మాయ్. యాభై ఏళ్లకు వచ్చే థాంక్స్‌తో నేనేం చేసుకోను? అందుకే కొట్టేయమన్నా, అంది.

థాంక్స్ కాదండీ అని వాక్యం చదివాను. నాలుగు లైన్లూ.

అటువైపు కెటిల్ కూత పెట్టడం మొదలైంది. ఎవరూ దించలేదు.

మళ్లీ చదువు అంది. చదివాను. నా ఉద్యోగం దీని మీదే నిలబడింది అన్న చోట ఆపి, అలాగే రాశాడా అంది. అలాగే రాశారు, ఒక్క అక్షరం కూడా నాది కాదు అన్నాను. మూడోసారి చదవమంది. ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చదివాను. కెటిల్ కూస్తూనే ఉంది.

చివరికి, ఏ పేజీ అంది. పన్నెండు అన్నాను. ఫోన్ పెట్టేసింది.

పేరు వేయడానికి ఒప్పుకుందా లేదా?

సెప్టెంబర్ 23, సోమవారం

ఏ కబురూ లేదు. ఇంకా నాలుగు రోజులు.

సెప్టెంబర్ 24, మంగళవారం

ఉదయం ఎనిమిదికి ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. మొదటి బండికి వచ్చిందట. మంచి కోటు వేసుకుంది. చేతిలో రెండు చెక్కిన పెన్సిళ్లు.

ఏదీ చూపించు. ఆ పేజీ కాదు, మొత్తం అంది.

పందొమ్మిది పేజీలు ప్రింట్ తీసిచ్చాను. నా కుర్చీలో కూర్చుంది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. రెమిగియుస్ వచ్చి ఎవరీవిడ అని సైగ చేశాడు. నోరు మూసుకో అని సైగ చేశాను. బాస్‌కు అలా చేయడం ఇదే మొదటిసారి, చాలా బాగుంది.

రెండున్నర గంటలు. మధ్యలో ఒక్కసారి, ఎక్కడో ఆరో పేజీలో, తనలో తాను, బాగా చేశావయ్యా అంది. పన్నెండో పేజీ దగ్గర పెన్సిల్ ఆగింది. నేను ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. జేబురుమాలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

తప్పు అంది.

ఏది తప్పండీ?

నా లెమ్మాని తప్పు రాశాడు. అన్ని సంఖ్యలకీ పనిచేస్తుందన్నాడు. చేయదు! బేసి సంఖ్యలకే. సరిసంఖ్యలకు నాలుగు దగ్గరే కూలిపోతుంది. నేనూ మొదట ఇదే తప్పు చేశా, హాస్టల్లో మూడు రోజులు ఏడ్చా, నాలుగో రోజు దొరికింది. చూడు, ఇది! అని ప్రింట్ వెనక నాలుగు దగ్గర అది ఎలా కూలుతుందో చకచకా రాసి చూపించింది. నాకేం తెలుస్తుంది? కాని ఆ చేతిరాత 1971లో ఉన్న చేతిరాతే. ఏడు అంకె మీద అదే అడ్డగీత.

రెమిగియుస్ ముఖం పాలిపోయింది. మరి పేపరంతా పోయినట్టేనా అమ్మా అన్నాడు. పోదు, ఆయన వాడింది ఎటూ బేసి సంఖ్యలకే, ఒక్క మాట చేర్చు చాలు అంది. యాభై ఏళ్లు వాడుకున్నాడు, షరతు మాత్రం మర్చిపోయాడు! అని మొదలుపెట్టిన నవ్వు ఆగలేదు. ఆ నవ్వులోనే ఏడ్చింది. జేబురుమాలు పనికొచ్చింది.

నా టేబుల్ మీదే రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. పేరు ఏదని వేయాలి అని అడిగాను. ఇప్పటి పేరా, అప్పటి పేరా? అచ్చులో ఏముంది అంది. అంబ్రజైతె అన్నాను. అయితే అదే, ఆ పిల్లే కదా రాసింది అంది.

సెప్టెంబర్ 25, బుధవారం

సంపాదకులకు, వాళ్ల ద్వారా రిఫరీకి, పెన్సిల్ పేజీ స్కాన్ చేసి పంపాం. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కాఫీ ఆరు కప్పులు.

సెప్టెంబర్ 26, గురువారం

రిఫరీ జవాబు వచ్చింది. ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం, నేను గమనించలేదు, సిగ్గుపడుతున్నాను, ఇంత నిశితంగా చూసిన ఈ పరిశీలకురాలు ఏ విశ్వవిద్యాలయం అని అడిగాడు.

జవాబు రాయడం రెమిగియుస్‌కు వదల్లేదు. నేనే రాశాను: లెమ్మా ఆవిడదే. వరేనా, మూడో నంబరు బడి.

సెప్టెంబర్ 27, శుక్రవారం

ఉదయం 10:00. గెనోవైతె గారు ఫోన్ లైన్లో ఉన్నారు, స్పీకర్ మీద. మా గది మొత్తం నా కుర్చీ వెనక నిలబడింది. దుంగపిల్ల ఎదురుగా ఎక్కించాను: పేరు, సంచిక, 1971, నలభై ఒకటో పేజీ. కంపైల్ నొక్కాను. ఒకసారి. రెండుసార్లు. మూడుసార్లు.

వార్నింగులు: సున్నా.

కాని అంకె చూసి నేనే కుర్చీలోంచి లేచాను. జాబితా ఇంటిపేర్ల అక్షరక్రమంలో ఉంటుంది. నిన్నటిదాకా ఒకటో నంబరు బుడాపెస్ట్ బాలోగ్. అంబ్రజైతె రాగానే బాలోగ్ రెండయ్యాడు, త్బిలిసీ ఆయన, రీగా ఆవిడ, పాపం ఆ ఉప్సాలా పొడుగాయన, ముప్పై మూడు మంది పెద్దమనుషులూ తలో మెట్టు కిందికి జరిగి దారిచ్చారు. నర్బూతాస్ పాత పేపర్లు కూడా. పేపరంతా ప్రతి అంకె మారింది.

ఎన్నో నంబరమ్మాయ్ అని స్పీకర్లోంచి అడిగింది.

ఒకటి అన్నాను.

మా గదిలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. రెమిగియుసే అనుకుంటా. ఫోన్లో ఆవిడ ఏమందో ఆ గోలలో వినపడలేదు, మళ్లీ అడిగితే, ఏమీ అనలేదు, పొయ్యి మీద పాలున్నాయి అని పెట్టేసింది.

11:20. ప్రెస్‌కు పోయింది. ఇరవై ఏడేళ్లు, ఒక్క [?] లేదు. ఈరోజు నా అంత మొనగత్తె ఈ ఊళ్లో లేదు.

అక్టోబర్ 6, ఆదివారం

వరేనా. ఆవిడతో అడవికి వెళ్లాను. గంటన్నర నడిచాక ఆగి, ఇదే అంది. 1970లో ఆయనతో వచ్చినప్పుడు ఆవిడకు మొదటి పుట్టగొడుగు దొరికిన దుంగ. ఇంకా ఉంది. ఇంకా కాస్తోంది.

రెండు బుట్టలు నిండాయి.

ఎక్కడో ఇందులో కూడా రాయను.